ముందు కాలికీ వెనక కాలికీ మధ్య వాన

ఆ రోజు క్యాంపులో రొట్టె వాసన రాలేదు.

జీపు బానెట్ మీద టీ కప్పు పెట్టుకుని నిలబడ్డ ఖజమూల ఉబిసి ముందుగా గమనించింది అదే. పదమూడేళ్లుగా, చలైనా వానైనా, తూర్పు తెల్లబడే వేళకి వంటపాక వైపు నుంచి కాలే రొట్టె వాసన వచ్చి తీరాలి. ఆ వాసన తగిలాకే జాడలు తీసేవాళ్లు కోట్లు తొడుక్కునేవాళ్లు, డ్రైవర్లు జీపులు తీసేవాళ్లు. ఆ రోజు మాత్రం అప్పుడే పడి ఆగిన తుంపరకి లేచిన మట్టి వాసన తప్ప మరేం లేదు.

రొట్టెలు కాల్చే ససవోనా అతనికి మరదలు, భార్య మిజాజికి తోడబుట్టిన చెల్లెలు. మొగుడు చిన్న వయసులోనే పోతే, ఎవరి చేతి కిందా బతకనని చెప్పి వచ్చి, అడవి జంతువుల్ని చూడటానికి వచ్చేవాళ్లు దిగే ఈ క్యాంపు వంటపాకలో చేరింది. నోరు ఊరుకునే మనిషి కాదు. మొదటి రొట్టె కొస రోజూ తుంచి బావ చేతిలో పెట్టి, "తిను బావా, అడవిలో నీ రెండో పెళ్లాం నీకేం వండి పెడుతుంది గనక" అనేది. చుట్టూ ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. ఆ మాట చివరికి మిజాజి దాకా పోయింది. మిజాజి ఏం తక్కువ తిన్నదా, "సవతంటే అలాంటిదే ఉండాలమ్మా, నా కుండలో చెయ్యి పెట్టదు, నా గుడ్డలు కట్టుకోదు" అని ఊరంతా చాటింది.

రెండో పెళ్లాం అంటే షిరామి. ఆడ చిరుత. షిరామి అంటే వాళ్ల భాషలో చలి. తొమ్మిదేళ్ల కింద, గడ్డి మీద మంచు గడ్డకట్టిన ఓ శీతాకాలంలో గుప్పెడంత పిల్లగా ఉన్నప్పుడు దాన్ని మొదట చూసింది ఖజమూల, ఆ పేరు పెట్టిందీ అతనే. ఆ అడవిలో ప్రతి చిరుతకీ ఒక పేరుంది, క్యాంపు ఆఫీసు పుస్తకంలో ఒక పేజీ ఉంది. మీసాల పైవరసలో కుడివైపు ఎన్ని మచ్చలు, ఎడమవైపు ఎన్ని అని ఫొటో చూసి లెక్కపెట్టి పేరు తేలుస్తారు. షిరామికి కుడివైపు మూడు, ఎడమవైపు రెండు. ఖజమూలకి ఆ లెక్క అక్కర్లేదు. చిన్నప్పుడు ముళ్లపంది ముల్లు గుచ్చుకుని దాని ఎడమ వెనక కాలి చివరి వేలు కాస్త బయటికి తిరిగిపోయింది. దుమ్ములో ఆ వేలు కనిపిస్తే చాలు, పెళ్లాం గాజుల చప్పుడు విన్నట్టే అతనికి.

జాడ నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ అతను మొదట చెప్పే మాట ఒకటుంది. ముందు అడుగు వయసు చూడు, తర్వాత పేరు చూడు. పేరు కోసం తొందరపడ్డవాడు నిన్నటి చిరుత వెనక ఇవాళంతా తిరుగుతాడు అనేవాడు. అందరికీ చెప్పిన మాటే.

టీ తాగడం అయ్యాక, వంటపాక దాకా పోయి మరదల్ని నాలుగు ఆటపట్టించి వద్దామని బయల్దేరాడు. నిద్ర లేవలేదా మహారాణీ అని అడుగుదామనుకున్నాడు. పనివాళ్ల గదులకీ వంటపాకకీ మధ్య నూట యాభై అడుగుల ఇసుక దారి. సగం దారిలో ఆమె నీలం రంగు చెప్పు ఒకటి బోర్లా పడి ఉంది.

ఖజమూల ఆగిపోయాడు. చెప్పు పక్కన తలకి కట్టుకునే గుడ్డ. గుడ్డ పక్క నుంచి గడ్డిలోకి, బస్తా ఈడ్చినట్టు వెడల్పాటి చార. ఆ చార మొదట్లో, తడి ఇసుకలో, ఒక పంజా అడుగు. ముందు కాలు వేసిన చోటే వెనక కాలు వేసి నడిచే జంతువు అడుగు. కింద వెడల్పాటి ముద్ర, దాని మీద సన్నటి ముద్ర. మీదున్న ముద్రలో చివరి వేలు బయటికి తిరిగి ఉంది.

అతను ససవోనా అనలేదు, దేవుడా అనలేదు. షిరామి అనుకున్నాడు. దాని రాళ్ల గుహలో నాలుగు నెలల పిల్ల ఉందనుకున్నాడు. మనిషిని పట్టిన చిరుతని ఈ దేశంలో బతకనివ్వరనుకున్నాడు. ఇవన్నీ అనుకోవడానికి ఎంతసేపు పట్టిందో గానీ, అతని కుడికాలు అతన్ని అడగకుండానే లేచింది. బూటు ఆ అడుగు మీద పడి అటూ ఇటూ రెండుసార్లు తిరిగింది. ఇసుక చదునైపోయింది.

జాడ తీసేవాడు జాడ తుడవడమంటే ఏమిటో ఆ పని తెలిసినవాళ్లకే తెలుసు. మంత్రసాని పురిటి బిడ్డ గొంతు నొక్కడం లాంటిది.

వెనక నుంచి అతని అక్క కొడుకు రిసెంగా పరుగున వచ్చాడు. జీపు నడిపేది వాడే. మేనమామని రోజుకి పదిసార్లు ఏడిపించందే వాడికి పొద్దుపోదు. ఆ రోజు చెప్పుని చూశాడు, గుడ్డని చూశాడు. చూసి అడిగాడు.

"మామా, అడుగేమైనా ఉందా?"

"లేదు. ఈడ్చిన గుర్తు అటు పోయింది, పద."

రిసెంగా మామ మొహం చూడలేదు. బూటు అంచున అంటుకున్న తడి ఇసుక చూశాడు. చూసి, ముందుకి నడిచాడు.

రెండు వందల అడుగుల దూరంలో తుమ్మ పొద కింద దొరికింది ససవోనా. అప్పటికే ప్రాణం లేదు. ఆమె ఎలా ఉందో ఆ ఇద్దరూ తర్వాత ఎవరికీ చెప్పలేదు, మనమూ చెప్పుకోవద్దు. ఖజమూల తన కోటు విప్పి ఆమె మీద కప్పాడు. కప్పి తలెత్తేసరికి, నలభై అడుగుల అవతల పుట్ట మీద షిరామి కూర్చుని ఉంది. పుట్టినప్పటి నుంచి జీపులనీ మనుషులనీ చూసిన జంతువు కనక బెదరలేదు. వాళ్ల వంక చూసి, లేచి, తీరిగ్గా దిగి పోయింది.

చిరుత కనిపిస్తే ముందు ఫొటో తీయడం ఆ పని చేసేవాళ్లకి అలవాటు. శవం పక్కన నిలబడి కూడా రిసెంగా చెయ్యి దాని పని అది చేసేసింది. ఫోన్లో ఫొటో పెద్దది చేసి చూశాడు. కుడి మూడు, ఎడమ రెండు.

"మామా, షిరామి," అన్నాడు.

పావుగంటలో క్యాంపంతా అక్కడికి చేరింది. ఆడవాళ్లు, తోటమాలులు, మూడు జీపులు. ఆ ఇసుక దారి, గడ్డి, పుట్ట చుట్టూ నేల, అంతా నూరు కాళ్ల కింద పడి సంతలా అయింది. క్యాంపు పెద్ద ఎల్మారీ వచ్చి ఫొటో చూసి తలకి చేతులు పెట్టుకుంది. ఆమె ఆ అడవిలోనే పుట్టి పెరిగిన తెల్లమనిషి, వాళ్ల భాష వాళ్లలాగే మాట్లాడుతుంది. ఆ ఫొటో ఆమె ఫోన్లోకి, అక్కడి నుంచి ప్రభుత్వ ఆఫీసుకి పోయింది. తను బూటుతో తుడిచింది దేనికీ పనికిరాలేదని ఖజమూలకి అప్పుడు అర్థమైంది. మరదలి రక్తానికి ద్రోహం చేశాడు, దాంతో చిరుత కూడా దక్కలేదు.

తొమ్మిది గంటలకి తుపాకీతో ప్రభుత్వ అధికారి వచ్చాడు. మంచివాడే, తొందరపాటు మనిషి కాదు. అందర్నీ వంటపాక అరుగు మీద కూర్చోబెట్టి అడిగాడు. ఎల్మారీ ఖజమూల వైపు తిరిగింది.

"ఖజమూలా, మొదట చూసినవాడివి నువ్వు. దారిలో అడుగు ఏమైనా కనిపించిందా?"

"లేదమ్మా. తుంపర పడింది కదా, చెరిగిపోయుంటుంది."

నలభై ఏళ్లలో అతను జాడ గురించి ఆడిన మొదటి అబద్ధం అది. ఎల్మారీ ఎందుకు నమ్మదు? అతను లేదంటే అడవిలోనే లేదని లెక్క. అధికారి పుస్తకంలో షిరామి పేజీ చూసి, ఫొటో పక్కన పెట్టి, మర్నాడు తెల్లవారగానే కాల్చేస్తామన్నాడు. పిల్లని పట్టి బోనుకి పంపుతామన్నాడు. శవాన్ని పట్నం ఆస్పత్రికి తీసుకుపోయారు.

మధ్యాహ్నం ఊరికి పోయేసరికి మిజాజి గోడకి ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్లు. కబురు అప్పటికే చేరింది, ఏ చిరుతో మాత్రం చేరలేదు.

"ఏ చిరుతో తెలిసిందా?" అని అడిగింది మొగుణ్ని.

అతను రిసెంగా వంక చూశాడు. పక్కన నిలబడ్డ రిసెంగాయే నేల చూపులు చూస్తూ చెప్పాడు. "షిరామి అత్తా."

మిజాజి ఏడవలేదు. చాలాసేపు మొగుడి మొహంలోకి చూసింది. ఈ తొమ్మిదేళ్లలో ఆ ఇంట్లో సంకటి వడ్డించిన ప్రతి సాయంత్రం ఆ పేరు వినిపించింది. ఇవాళ షిరామి వేట తప్పింది, ఇవాళ షిరామి ఈనింది, ఇవాళ షిరామి నా ముందు నుంచే పోయింది అని.

"మన షిరామేనా," అంది మిజాజి. "దాన్నేం చేస్తారంట?"

"రేపు చంపుతారు."

"చంపనీ," అంది. అని తల గోడకేసి తిప్పుకుంది.

అక్కడివాళ్లకి ఒక పద్ధతుంది. ఇంటికి దూరంగా పోయినవాళ్ల ప్రాణం పోయిన చోటే దారి తెలీక తచ్చాడుతుందంటారు. అయినవాళ్లలో ఒకరు రేగు కొమ్మ తీసుకుని అక్కడికి పోయి, పేరు పెట్టి పిలిచి, నేల మీద కొమ్మని ఆడించి, దానితోపాటు ఆ ప్రాణాన్ని ఇంటికి తీసుకురావాలి. కొమ్మ పట్టినవాళ్లు దాన్ని ఇంట్లో చాప మీద పడుకోబెట్టేదాకా చనిపోయినవాళ్లతోనే మాట్లాడాలి. బతికున్నవాళ్లతో ఒక్క మాటాడినా పోయినవాళ్లు ఆ మాట వెంబడే మళ్లీ దారి తప్పుతారు. ససవోనాని కళ్లారా చూసినవాడూ, కోటు కప్పినవాడూ ఖజమూలే కనక కొమ్మ అతనే పట్టాలని పెద్దలు తేల్చారు. కాదనడానికి అతనికి కారణం ఉంది, చెప్పడానికి నోరు లేదు.

రాత్రంతా కన్ను మూతపడలేదు. కొమ్మ పట్టాలి కనక షిరామి జాడ తీసే పని అతనికి తప్పింది, రిసెంగా మీద పడింది. తప్పినందుకు ఊరట పడ్డాడు, ఆ ఊరటకి తనని తనే అసహ్యించుకున్నాడు.

తెల్లవారింది. రిసెంగా, అధికారి జీపులో అడవిలోకి పోయారు. ఖజమూల రేగు కొమ్మ పట్టుకుని ఇసుక దారికి వచ్చాడు. వెనక మిజాజి, ఇద్దరు ముసలమ్మలు. టోపీ తీసి చేత పట్టుకుని ఎల్మారీ కూడా వచ్చి పక్కన నిలబడింది. ఆమె నడుముకి వైర్‌లెస్ వేలాడుతోంది. చెప్పు దొరికిన చోట తాడు కట్టి ఉంది. ఖజమూల తాడు దాటి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ససవోనా, నేను, మీ బావని. లే అమ్మా. ఇంటికి పోదాం."

కొమ్మని నేల మీద మెల్లగా ఆడించాడు. ఎదురుగా, తాడుకి ఆవల, నిన్న ఎవరి కాలూ పడని రెండు జానల నేల అలాగే మిగిలి ఉంది. నిన్నటి తుంపర చినుకులు పడ్డ చోటల్లా మశూచి మచ్చల్లా గుంటలు. ఆ గుంటల మీద నుంచి, తుంపర ఆగాక, ఒక గిన్నెకోడి నడిచి పోయింది. దాని మూడు వేళ్ల ముద్రలు శుభ్రంగా, నున్నగా ఉన్నాయి. వాటిలో ఒక్క చినుకు మచ్చ లేదు.

అతను ఊరికే చూశాడు. నలభై ఏళ్ల అలవాటు, కళ్లు ఊరుకోవు. తుంపర ముందు, కోడి తర్వాత. చూసి కొమ్మ ఇంకోసారి ఆడించబోయాడు.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

బూటుతో తుడిచేసిన ఆ అడుగు కళ్ల ముందుకి వచ్చి నిలబడింది. తుడిచింది నేల మీద నుంచే గానీ కళ్లలోంచి ఎక్కడికి పోతుంది? కింద వెడల్పాటి ముద్ర. అది ముందు కాలిదనుకున్నాడు. దాని మీద వేలు తిరిగిన సన్నటి ముద్ర, వెనక కాలిది. ఏ చిరుతైనా అలాగే నడుస్తుంది, ముందు కాలి ముద్ర మీదే వెనక కాలు మోపుతుంది, అందుకే మరో ఆలోచన రాలేదు. కానీ కింది ముద్ర నిండా చినుకు గుంటలున్నాయి. ఈడ్చిన చారలోనూ ఉన్నాయి. మీది ముద్ర మాత్రం అద్దంలా ఉంది.

నడిచే జంతువు ముందు కాలికీ వెనక కాలికీ మధ్య వాన కురుస్తుందా?

రెండు చిరుతలు. ఒకటి తుంపరకి ముందు వచ్చి ఈ పని చేసి పోయింది. పెద్ద పాదం, మగది. షిరామి తుంపర వెలిశాక నెత్తురు వాసన పట్టుకుని వచ్చింది, ఆ మగదాని అడుగులో అడుగు పెట్టి పోయింది. ఆ ఒక్క అడుగే దానికి సాక్ష్యం. అది మిగిలుంటే నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాడైనా చదివి చెప్పేవాడు. దాన్ని కాపాడదామని దాని సాక్ష్యాన్నే కాలితో తుడిచేశాడు. ముందు వయసు, తర్వాత పేరు అని లోకానికంతా చెప్పినవాడు పేరు చూసి కళ్లు మూసుకున్నాడు.

ఎల్మారీ నడుము దగ్గర వైర్‌లెస్ గరగరలాడింది. రిసెంగా గొంతు, చాలా చిన్నగా. "కనిపించింది. వాగు రాళ్ల మీద ఉంది. పిల్లకి పాలిస్తోంది. సారు పక్కకి జరగమన్నారు."

ఖజమూల తల తిప్పి ఎల్మారీని చూశాడు. నోరు తెరిచాడు. చేతిలో కొమ్మ ఉంది. మాటాడితే మరదలు మళ్లీ ఇక్కడే మిగిలిపోతుంది, ఈసారి కూడా తన వల్లే. మాటాడకపోతే రాళ్ల మీద ఆ తల్లి పోతుంది. తల మళ్లీ నేల వైపు తిప్పి, చెప్పు దొరికిన చోటుకి మొహం పెట్టి, అందరికీ వినిపించేలా గొంతెత్తాడు.

"మరదలా, విను. నీతోనే చెబుతున్నాను. నిన్న నేను ఇక్కడికి వచ్చేసరికి నీ చెప్పు పక్కన అడుగుంది. లేదని అబద్ధం చెప్పాను. అది షిరామి అడుగని, షిరామే నిన్ను చంపిందని అనుకున్నాను. అనుకుని, మరదలా, దాన్ని నా బూటుతో తుడిచేశాను. దాన్ని చంపేస్తారని తుడిచాను. నువ్వు అక్కడ పడి ఉండగా నేను ఇక్కడ ఆ పని చేశాను."

వెనక మిజాజి ఒక అడుగు ముందుకి వేసింది.

"నేను తప్పు చదివాను. అక్కడ రెండు అడుగులున్నాయి. కింద పెద్దది, వానకి ముందుది. మీద షిరామిది, వాన వెలిశాక. నిన్ను పట్టింది ఆ కింద ఉన్నవాడు. మగవాడు. షిరామి తర్వాత వచ్చింది. వాళ్లకి చెప్పాలి మరదలా, ఇప్పుడే చెప్పాలి. నా నోరు నీకు ఇచ్చేశాను, నేను చెప్పలేను."

ఎల్మారీ అప్పటికే వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకుంది. ఆగండి, కాల్చొద్దు, ఇది కాదంటున్నాడు అని చెప్పింది. అటు నుంచి అధికారి గొంతు నెమ్మదిగానే వచ్చింది.

"ఎవరు కాదంటున్నారు?"

"ఖజమూల."

"నిన్న అడుగే లేదన్నాడు. ఇవాళ రెండున్నాయంటున్నాడా? ఏ మాట పట్టుకోమంటారు? రేపు ఇంకో మనిషి పోతే ఎవరిది పూచీ?"

ఎల్మారీ చెయ్యి దించింది. ఆమె ఖజమూలని ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూస్తోంది.

మిజాజి తాడు దగ్గరికి వచ్చి నిలబడింది. మొగుడి వంక చూడలేదు. అతనితో మాటాడినా అతను పలకకూడదని ఆమెకి తెలుసు. ఇసుకలోకి చూస్తూ చెల్లెల్నే పిలిచింది.

"చెల్లీ, మీ బావని అడుగు. ఇదైనా నిజమేనా అని అడుగు. ఈసారి కూడా దాని కోసమే చెబుతున్నాడేమో అడుగు."

ఖజమూల నుదురు నేలకి ఆనింది. "నిజమే మరదలా. దాని కోసం కూడా. అయినా నిజమే."

మిజాజి ఎల్మారీ వైపు చెయ్యి చాపింది. ఎల్మారీ వైర్‌లెస్ ఇచ్చి, ఏ మీట నొక్కాలో చూపించింది.

"అయ్యా, నేను పోయిన మనిషికి అక్కని," అంది మిజాజి. గొంతు వణకలేదు. "నా మొగుడు నిన్న అబద్ధమాడాడు. ఇవాళ ఆడటం లేదు. అతను పోయినవాళ్లతో ఆడడు, బతికున్నవాళ్లతోనే ఆడతాడని నాకిప్పుడే తెలిసింది. నా చెల్లి ఇంకా మీ ఆస్పత్రిలోనే ఉంది. దాని మెడ మీద గాట్లు కొలిపించండి. ఆడ చిరుత నోరు ఎంత, మగదాని నోరు ఎంత, మీ డాక్టర్లకి తెలీదా? కొలిచాక అదే అయితే కాల్చుకోండి. నా చెల్లి పేరు చెప్పి చెయ్యని దాన్ని కాల్చొద్దు."

వైర్‌లెస్ మళ్లీ గరగరలాడింది. ఆ గరగరలో ఖజమూల తుపాకీ మోత కోసం చెవులు రిక్కించి, నేల మీద తల అలాగే ఉంచి ఉండిపోయాడు. చివరికి రిసెంగా గొంతు వచ్చింది.

"దించారు అత్తా. తుపాకీ దించారు."

మిజాజి వైర్‌లెస్ తిరిగిచ్చేసింది. తాడు కిందుగా వంగి లోపలికి వచ్చింది. మొగుడి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి రేగు కొమ్మ తీసుకుంది. ముళ్లు గీరి అతని అరచెయ్యి నెత్తురైంది, ఆమె చూడలేదు. చెల్లెల్ని పేరు పెట్టి పిలిచి, కొమ్మని నేల మీద ఆడించి, ఊరి దారి పట్టింది. ముసలమ్మలిద్దరూ ఆమె వెనక. చేతిలో కొమ్మ లేదు కనక ఖజమూల ఇప్పుడు ఎవరితోనైనా మాటాడొచ్చు. కొమ్మ పట్టిన ఆమె మాత్రం మాటాడకూడదు. మైళ్ల దూరం ఆ ముగ్గురి వెనకాల, యాభై అడుగుల ఎడంగా, నోరెత్తకుండా నడిచాడు.

ఇంటికి చేరి కొమ్మని చాప మీద పడుకోబెట్టాక మిజాజి నోటి కట్టు విడిపోయింది. వచ్చినవాళ్లతో మాటాడింది, నీళ్లు తెమ్మంది, దుప్పట్లు ఎవరికి చాలలేదో అడిగింది. ఖజమూల వైపు మాత్రం తిరగలేదు.

ఆ సాయంత్రమే ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. గాట్ల మధ్య ఎడం ఏ ఆడ చిరుత నోటికీ సరిపోయేది కాదు, పైగా ఒక పన్ను గుర్తే లేదు. మూడోనాడు రిసెంగా తనంతట తనే జాడ తీసి, కంచె అవతలి వాగులో ఆ మగదాన్ని పట్టించాడు. ఎముకల గూడు, ముసలిది, పైపన్ను విరిగి చీము పట్టింది. జింక మెడ కొరకలేక మనిషి దాకా వచ్చింది. పుస్తకంలో దానికి పేజీ లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. అధికారి దాన్ని కాల్చాడు.

ఎల్మారీ ఖజమూలని పిలిపించింది. నలభై ఏళ్ల పని, ఆమె తండ్రి కాలం నుంచి. తిట్టలేదు. జీపు ముందు సీటులో ఇక రిసెంగా కూర్చుంటాడంది. అతను సరేనమ్మా అన్నాడు. ఇంకేమనగలడు?

ఐదో రోజు పాతిపెట్టడం అయింది. జనం వెళ్లిపోయాక రిసెంగా వచ్చి వాకిట్లో మామ పక్కన కూర్చున్నాడు. వాగు రాళ్ల దగ్గర షిరామిని చూశానని, పిల్లతో కలిసి అడవి లోపలికి మకాం మార్చిందని చెప్పాడు. బాగుంది మామా అన్నాడు. నువ్వన్నదే నిజమైందని ఊళ్లో కూడా అంటున్నారు అన్నాడు. ఖజమూల తల ఊపాడు. నిజమే, బతికింది. తను అడిగింది అదే కదా.

గుమ్మంలో మిజాజి నిలబడి ఉందని వాళ్లిద్దరూ గమనించలేదు. ఆ కొమ్మ తెచ్చాక మొదటిసారి ఆమె మొగుడితో మాటాడింది. కోపంగా కాదు. తెలుసుకోవాలని మాత్రమే అడిగినట్టు అడిగింది.

"ఆ ఇసుకలో నా చెల్లి అడుగులు కూడా ఉంటాయి కదా. పరిగెత్తిందా, నడిచే వచ్చిందా? వెనక్కి తిరిగి చూసిందా? దానికి తెలిసిందా, తెలియకుండానే అయిపోయిందా? నువ్వు చూసుంటావు. చెప్పు."

రిసెంగా లేచి నిలబడ్డాడు.

ఖజమూల కళ్లు మూసుకుని ఆ దారంతా మళ్లీ చూశాడు. బోర్లాపడ్డ చెప్పు కనిపించింది. గుడ్డ కనిపించింది, ఈడ్చిన చార కనిపించింది, ఆ రెండు ముద్రలూ గింజ గింజ ఇసుకతో సహా కనిపించాయి. వాటి పక్కన, పదమూడేళ్లుగా తను ఎరిగిన మరదలి అడుగుల కోసం వెతికాడు. అటు వెతికాడు, ఇటు వెతికాడు.

"చూడలేదు మిజాజీ," అన్నాడు.